41 ఏళ్ళ వయసులో, తెలుగు మీడియం చదువుతో, సరదాగా జపనీస్ నేర్చుకోవచ్చా?

మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆగి రాస్తున్నాను. ఒకటి రెండు లైన్లలో తేల్చేసే విషయం కాదనిపించింది.

మీరు అడిగింది ఇది. ఖమ్మం జిల్లాలో లెక్కల టీచరు, వయసు 41. చదువంతా తెలుగు మీడియం. ఇంగ్లీష్ నెమ్మదిగా చదివితే అర్థమవుతుంది గానీ ధారాళంగా రాదు. నాన్నగారు వడ్రంగి, మీరూ సెలవుల్లో ఉలి పట్టుకుంటారు. జపాన్ వడ్రంగుల వీడియోలు చూస్తూ చూస్తూ, వాళ్ళు మాట్లాడేది తెలుసుకోవాలనే కోరిక పుట్టింది. ఉద్యోగం కోసం కాదు, జపాన్ వెళ్ళే ఆలోచన కూడా లేదు. జపనీస్‌కు 2200 గంటలు పడుతుందన్న లెక్క చూసి భయపడ్డారు. ఈ వయసులో వస్తుందా, ఇంగ్లీష్ సరిగా రాకుండా కుదురుతుందా, ఎంత కాలం పడుతుంది, ఏ యాప్ మంచిది?

వస్తుంది. ఇంగ్లీష్ అవసరం మీరు అనుకుంటున్న దానికంటే చాలా తక్కువ. రోజుకు 40 నిమిషాలు పెట్టగలిగితే ఏడాదికి చిన్న చిన్న వాక్యాలు చదివి, రాసి, మాట్లాడగలుగుతారు. ఆ వీడియోల్లో సగం మాటలు చెవికి అందాలంటే మూడు నాలుగేళ్ళు పడుతుంది. యాప్ సంగతి చివర్లో చెప్తాను, ఇందులో అన్నిటికంటే చిన్న విషయం అదే. అన్నిటికంటే పెద్ద విషయం మాత్రం ఇది: జపనీస్‌ని ఇంగ్లీష్ మీదుగా కాకుండా నేరుగా తెలుగులోంచి నేర్చుకోండి. మిగతాదంతా దీని చుట్టూనే చెప్తాను.

నా గురించి కొంచెం. మాది తెనాలి, మందుల షాపు నడుపుతాం. 2011లో మా ఆడపడుచు కొడుకు జపాన్ నుంచి కంటి చుక్కల మందు తెచ్చాడు. డబ్బాలో ఉన్న కాగితం తీస్తే ఒక్క అక్షరం తెలియలేదు. మందుల కాగితాలు చదవడమే పనిగా ఉన్న నాకు అది చదవలేకపోవడం మనసులో ఉండిపోయింది. అలా 39 ఏళ్ళకు మొదలుపెట్టాను. జపనీస్ భాషా పరీక్షలో ఐదు స్థాయిలుంటాయి, ఎన్5 అన్నిటికంటే తేలిక, ఎన్1 అన్నిటికంటే కష్టం. 2012 డిసెంబరులో ఎన్5, మరుసటి ఏడు ఎన్4, 2015లో ఎన్3, 2018లో ఎన్2 పాసయ్యాను. ఆరేళ్ళుగా ఆదివారం పొద్దున ఆన్‌లైన్‌లో ఏడెనిమిది మందికి చెప్తున్నాను. వాళ్ళలో సగం మంది మీలాంటి వాళ్ళే, ఇష్టం కొద్దీ వచ్చినవాళ్ళు.

మిమ్మల్ని భయపెట్టిన ఆ 2200 గంటల లెక్క సంగతి ముందు చూద్దాం. అమెరికా ప్రభుత్వం తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థ వేసిన లెక్క అది. స్పానిష్ లాంటి భాషకు 600-750 క్లాసు గంటలు, జపనీస్‌కు 2200. కానీ అది ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ళ కోసం వేసిన లెక్క. వాళ్ళకు జపనీస్‌లో అన్నీ తలకిందులే. క్రియ చివర వస్తుంది, మన విభక్తుల్లాంటివి పేరు తర్వాత వస్తాయి, "నిన్న నేను కొన్న" అనేది "పుస్తకం" అనే మాట కంటే ముందు వస్తుంది. మనకు ఇవన్నీ పుట్టినప్పటి నుంచి నోట్లో ఉన్నవే. లిపి నేర్చుకునే కష్టం మాత్రం వాళ్ళకీ మనకీ ఒకటే.

ఇప్పుడు అసలు విషయం. మీకు పదో తరగతి వ్యాకరణం గుర్తుందా? క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం. తిని, తింటూ, తింటే, తిన్నా. జపనీస్‌లో వరసగా "తబెతె", "తబెనగర", "తబెతర", "తబెతెమొ". ఇంగ్లీష్‌లో రాసిన పుస్తకాలు ఒక్కో దానికి ఒక్కో పాఠం, ఒక్కో పేజీ వివరణ ఇస్తాయి. మనకు ఒక్క మాట చాలు: "తబెతె అంటే తిని." దానికి "మొ" చేరిస్తే "తిన్నా". ఆ "మొ" అంటే విడిగా "కూడా" అని అర్థం.

ఈ "తిని" రూపం పట్టుబడితే సగం జపనీస్ పట్టుబడినట్టే. కొన్ని చూడండి:

"తబెతె మిరు" – తిని చూడటం. "మిరు" అంటే చూడటం. రుచి చూడటాన్ని వాళ్ళూ అచ్చం ఇలాగే అంటారు.

"కత్తె ఒకు" – కొని పెట్టడం. "ఒకు" అంటే పెట్టడం. ముందుగా కొని ఉంచడం అన్నమాట.

"మొత్తె ఇకు" – పట్టుకుని వెళ్ళడం. "మొత్తె కురు" – పట్టుకుని రావడం.

"తబెనకెరెబ నరనై" – తినకపోతే అవదు. "నరనై" అంటే నిజంగానే "అవదు". ఇంగ్లీష్ పుస్తకాల్లో ఇది "తినాలి" అనే అర్థంతో ఓ పొడవాటి ఫార్ములాలా ఉంటుంది, పిల్లలు దాన్ని బట్టీ పడతారు. మనం ఇంట్లో రోజూ అనే మాట అది.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది ఇంకొకటి ఉంది. జపాన్‌లో ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు "ఇత్తెకిమసు" అంటారు. "ఇత్తె" అంటే వెళ్ళి, "కిమసు" అంటే వస్తాను. వెళ్ళి వస్తాను! ఇంట్లో ఉన్నవాళ్ళు "ఇత్తెరస్షై" అంటారు, అంటే వెళ్ళి రండి. "వెళ్తున్నాను" అని ఊరుకోకుండా "వెళ్ళొస్తాను" అనాలని మా అమ్మ చిన్నప్పుడు ఎన్నిసార్లు దిద్దిందో. అంత దూరంలో ఉన్న ఇళ్ళలోనూ గుమ్మం దగ్గర ఇదే మాట అని తెలిసిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి. ఈ భాష నాకు పరాయిది కాదు అనిపించింది అప్పుడే.

ఇంకో మూడు చెప్పి ఆపుతాను. మన "అని" వాళ్ళకు "తొ". "కురు తొ ఇత్త" – వస్తాను అని అన్నాడు. "రాము తొ యూ హితొ" – రాము అనే మనిషి. రెండోది, "కినో కత్త హొన్" – నిన్న కొన్న పుస్తకం, ఒక్క మాట కూడా అటూ ఇటూ కాకుండా. మూడోది, "తబెరు మఎ ని" – తినే ముందు, "తబెత అతొ దె" – తిన్న తర్వాత. "తినే", "తిన్న" అనే తేడా కూడా అలాగే ఉంది చూడండి.

చుట్టరికం ఏమైనా ఉందా అని మా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు జపనీస్‌కీ తమిళానికీ బంధుత్వం ఉందని వాదించారు గానీ, భాషాశాస్త్రజ్ఞులు చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. ఒకే రకం నిర్మాణం ఉన్నంత మాత్రాన ఒకే కుటుంబం కానక్కర్లేదు. కొరియన్, టర్కిష్ కూడా ఇదే పోలికలో ఉంటాయి. నేర్చుకునేవాళ్ళకు కావలసింది ఆ పోలికే, చుట్టరికం కాదు.

ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళకు సులువు అనుకోకండి. నా దగ్గరికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకతను వచ్చాడు. తెలివైన కుర్రాడు, నాకంటే వంద రెట్లు మంచి ఇంగ్లీష్. పొడుగు వాక్యం వస్తే చాలు ఆగిపోయేవాడు. చూస్తే, ప్రతి వాక్యాన్నీ మనసులో ఇంగ్లీష్‌లోకి తిప్పి, మళ్ళీ అక్కడి నుంచి అర్థం చేసుకుంటున్నాడు. అంటే వాక్యాన్ని చివరి నుంచి మొదటికి, మళ్ళీ మొదటి నుంచి చివరికి రెండుసార్లు తిప్పుతున్నాడన్నమాట. రెండు వారాలు ప్రతి జపనీస్ వాక్యం కింద మాటకు మాట తెలుగు రాయమన్నాను. అంతే, ముడి విడిపోయింది. అదే సమయంలో 61 ఏళ్ళకు మొదలుపెట్టిన రిటైర్డ్ తెలుగు పండితులు ఒకరు వ్యాకరణం అంతా ఆరు నెలల్లో పూర్తి చేశారు. చిత్రాల్లాంటి అక్షరాల దగ్గర మాత్రం నెమ్మదిగా నడిచారు. మూడేళ్ళకు ఎన్4 పాసయ్యారు. మీ వయసు ప్రశ్నకు ఆయనే సమాధానం అనుకోండి.

ఇక లిపి. ఇక్కడ కష్టం నిజమే, దాచను. కానీ ఎక్కడ కష్టమో తెలుసుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

జపనీస్‌లో మూడు లిపులు కలిపి రాస్తారు. హిరగానలో 46 మూలాక్షరాలు, కతకానలో 46. రెండూ అవే శబ్దాలు, కతకాన ముఖ్యంగా విదేశీ మాటలు రాయడానికి. మూడోది కంజి, చైనా నుంచి వచ్చిన చిత్రాక్షరాలు. రోజువారీ వాడుకకు ప్రభుత్వం ఖరారు చేసిన జాబితాలో 2136 ఉన్నాయి. అందులో 1026 ప్రాథమిక పాఠశాలలోనే నేర్పుతారు.

హిరగాన వరస చదవండి: అ ఇ ఉ ఎ ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల నడకే కదా! జపాన్ బౌద్ధ భిక్షువులు సంస్కృతం కోసం "సిద్ధం" అనే పాత భారతీయ లిపి నేర్చుకున్నారు, ఆ చదువు ప్రభావంతోనే ఈ వరస ఏర్పడింది. మరో సంగతి, "క" అక్షరం పక్కన రెండు చిన్న గీతలు పెడితే "గ" అవుతుంది, "త" పక్కన పెడితే "ద". పరుషానికి గీతలు పెడితే సరళం వస్తుంది. మాటలు కలిసేటప్పుడు కూడా మన గసడదవాదేశం లాంటిదే జరుగుతుంది. కూర, కాయ కలిస్తే కూరగాయ అయినట్టు, "తె" (చేయి), "కమి" (కాగితం) కలిస్తే "తెగమి", అంటే ఉత్తరం. మీకు మరింత దగ్గరి ఉదాహరణ: "కి" అంటే చెట్టు, చెక్క. "కుమి" అంటే కూర్పు. రెండూ కలిస్తే "కిగుమి". మేకు లేకుండా చెక్కలు ఒకదానిలో ఒకటి బిగించే పనికి మీ వీడియోల్లో వినిపించే మాట ఇదే.

రోజుకు ఐదు అక్షరాలు, పది రోజులు. హిరగాన అయిపోతుంది. ఈ పది రోజుల తర్వాత ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిన జపనీస్ చదవకండి. దీన్ని అనుభవం మీద చెప్తున్నాను. నేను మొదట చేరిన కోచింగ్ సెంటర్‌లో ఆరు నెలలు అంతా ఇంగ్లీష్ అక్షరాల్లోనే నడిపారు. పాఠాలు వేగంగా అయిపోతున్నాయని సంతోషపడ్డాను. తర్వాత అసలు లిపిలో ఉన్న పిల్లల పుస్తకం పట్టుకుంటే పేజీకి అరగంట పట్టింది. పైగా ఉచ్చారణ పాడైంది. "ఒబసన్" అంటే పిన్ని వయసు ఆవిడ, "ఒబాసన్" అంటే అవ్వ. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే తపాలా బిళ్ళ. ఇంగ్లీష్ అక్షరాల్లో ఈ తేడాలు చూపు నుంచి జారిపోతాయి. దీర్ఘాలూ ద్విత్వాలూ మన లిపిలో ఎంత స్పష్టంగా ఉంటాయో మీకు తెలుసు. మొదటి రెండు వారాలు సాయం కావాలంటే పక్కన తెలుగులో రాసుకోండి, ఆ తర్వాత అదీ మానేయండి.

ఉచ్చారణలో కూడా మనకు ఒక వరం ఉంది. "త్సు" అనే శబ్దం చాలా దేశాల వాళ్ళు పలకలేక ఇబ్బంది పడతారు. మీరు "చుట్టం", "చాలు", "చలి" అని మామూలుగా అనండి. మన ఊళ్ళలో ఆ చ దంత్యంగానే పలుకుతుంది, అదే "త్సు"లో మొదటి శబ్దం.

కంజి దగ్గరికొస్తే, అందరూ భయపడేది ఒక్కో అక్షరానికి రెండేసి ఉచ్చారణలు ఎందుకని. నాకు ఇది అర్థమైంది కూడా తెలుగు వల్లే. మనం విడిగా "నీళ్ళు" అంటాం, సమాసంలో "జలాశయం", "జలపాతం" అంటాం. "నీళ్ళాశయం" అనం. వాళ్ళూ అంతే. నీటి అక్షరాన్ని విడిగా "మిజు" అంటారు, అది వాళ్ళ సొంత మాట. సమాసంలో "సుఇ" అంటారు, అది చైనా నుంచి వచ్చిన మాట. మనకు సంస్కృతం ఎలాగో వాళ్ళకు చైనీస్ అలా. చెక్క అక్షరం విడిగా "కి", సమాసంలో "మొకు". "మొకుజై" అంటే కలప. ఆ అక్షరం బొమ్మ కూడా చెట్టులాగే ఉంటుంది, నిలువు గీత, అడ్డ గీత, కిందికి వాలిన రెండు వేర్లు. పక్కపక్కన రెండు రాస్తే తోపు, మూడు రాస్తే అడవి.

వారాల పేర్లు చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. నీటి వారం బుధవారం, చెక్క వారం గురువారం. జపనీస్‌లో బుధ గ్రహం పేరు నీటి నక్షత్రం, గురు గ్రహం పేరు చెక్క నక్షత్రం. మన వారాలు ఏ గ్రహాల వరసలో ఉన్నాయో వాళ్ళవీ అదే వరసలో ఉన్నాయి.

రోజుకు రెండే కంజి నేర్చుకోండి. ఎక్కువ వద్దు. చేత్తో పదేసి సార్లు రాయండి, గీతల క్రమం తప్పకుండా. విడిగా అక్షరం కాకుండా అది ఉన్న ఒక మాట కూడా రాయండి. రోజుకు రెండంటే మూడేళ్ళలో రెండు వేలు దాటాలని మీలాంటి లెక్కల మాస్టారు వెంటనే లెక్క కడతారు. నిజంలో అలా జరగదు. మర్చిపోతాం, మళ్ళీ నేర్చుకుంటాం. నాకు వెయ్యి కంజి నిలబడటానికి ఐదేళ్ళు పట్టింది.

తెలుగు మనల్ని తప్పుదోవ పట్టించే చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెప్పాలి.

మన క్రియ చివర ఎవరు చేశారో ఉంటుంది: వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు. జపనీస్‌లో అన్నిటికీ "ఇకిమసు" ఒక్కటే. నేర్చుకోవడానికి హాయి. వినేటప్పుడు మాత్రం ఎవరి గురించి మాట్లాడుతున్నారో సందర్భాన్ని బట్టి పట్టుకోవాలి, అది సమయం తీసుకుంటుంది. "వ", "గ" అనే రెండు ప్రత్యయాల తేడా అందరికీ ఏళ్ళ తరబడి తేలదు. "వ"ని కొన్నిచోట్ల మన "అయితే"తో పోల్చుకోవచ్చు, "నేనైతే కాఫీ తాగుతాను" అన్నట్టు. కానీ ప్రతిచోటా పని చేయదు. ఇవ్వడానికి మనకు ఒకే క్రియ. వాళ్ళకు నేను ఇతరులకు ఇస్తే "అగెరు", ఇతరులు నాకు ఇస్తే "కురెరు". నేను ఇప్పటికీ తొందరలో తప్పు పలుకుతుంటాను.

మర్యాద విషయం మనకు బాగా అర్థమవుతుంది. "సన్" మన "గారు" లాంటిదే, పేరు తర్వాత వస్తుంది, సొంత పేరుకు తగిలించుకోకూడదు. "నువ్వు, మీరు" అనే మాట ("అనత") ఎదుటివాళ్ళ మీద వాడటం అక్కడ అంత బాగుండదు. మనం "మాస్టారు వస్తారా?" అని ఆయన్నే అడిగినట్టు, పేరుతోనో హోదాతోనో పిలవాలి. నా దగ్గర ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె ఉండేది. కార్టూన్ సీరియళ్ళు చూసి చూసి గడగడా మాట్లాడేది, వాళ్ళ భాషలో చెప్పాలంటే "పెరపెర". కానీ అందరితోనూ చిన్నపిల్లలు తోటివాళ్ళతో మాట్లాడే భాషే. పెద్దవాళ్ళను ఏకవచనంలో పిలిచినట్టు ఉండేది. దాన్ని సరిచేయడానికి ఏడాది పట్టింది.

మీకు దీనికి వ్యతిరేకమైన సమస్య వస్తుంది, ముందే చెప్పి ఉంచుతున్నాను. పుస్తకాలు మొదట మర్యాద రూపం నేర్పుతాయి: "తబెమసు", "ఇకిమసు". మీ వడ్రంగులు పని చేస్తూ మాట్లాడేది మామూలు రూపం: "తబెరు", "ఇకు". పైగా నోట్లో నోట్లో మాట్లాడతారు, యాసలు కలుస్తాయి. క్యోటో, ఒసాకా వైపు వాళ్ళయితే "కుదరదు, పనికిరాదు" అనడానికి "అకన్" అంటారు, అది మొదటి పుస్తకాల్లో ఉండదు. అందుకని మామూలు రూపాన్ని మూడో నెల నుంచే మర్యాద రూపం పక్కన రాసుకుంటూ పోండి. పుస్తకం చెప్పేదాకా ఆగితే మీ వీడియోలు మీకు ఏడాది పాటు మూసిన తలుపులే.

ఇప్పుడు పద్ధతి. పాఠ్యపుస్తకం ఒకటి చాలు. మన దేశంలో చాలా క్లాసుల్లో వాడేది "మిన్న నొ నిహొంగొ". మొదటి భాగంలో 25 పాఠాలు, రెండో దానిలో 25. పుస్తకం పూర్తిగా జపనీస్‌లో ఉంటుంది, అర్థాలూ వ్యాకరణం విడి పుస్తకంలో ఇంగ్లీష్‌లో దొరుకుతాయి. ఆ ఇంగ్లీష్ మీరు నెమ్మదిగా చదివి అర్థం చేసుకోగలిగేంత తేలికగానే ఉంటుంది. డబ్బు పెట్టదలుచుకోకపోతే జపాన్ భాషా సంస్కృతులను ప్రచారం చేసే జపాన్ ఫౌండేషన్ వాళ్ళ "ఇరొదొరి" అనే పాఠ్యపుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దించుకోవచ్చు, వినడానికి ఆడియోతో సహా.

ఒక పెద్ద నోట్‌బుక్ కొనండి. పాఠంలోని ప్రతి వాక్యం రాసి, దాని కింద మాటకు మాట తెలుగు రాయండి. దాని కింద అదే భావం మనం ఇంట్లో ఎలా అంటామో రాయండి. మూడు వరసలు. రెండో వరసకీ మూడో వరసకీ ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే మీరు కొత్తగా నేర్చుకోవలసింది ఉంటుంది, దాన్ని ఎర్ర పెన్నుతో గీయండి. ఇదొక్కటే నేను క్లాసులో పట్టుబట్టి చేయించేది.

మాటలు గుర్తుపెట్టుకోవడానికి అంకి అనే యాప్ వాడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉచితం. ఆ పేరే జపనీస్ మాట, కంఠస్థం చేయడం అని అర్థం. తెలిసిన మాటను కొన్ని రోజుల తర్వాత, తెలియని మాటను వెంటనే మళ్ళీ అడుగుతుంది. అందులో ఎవరో తయారుచేసి పెట్టిన ఇంగ్లీష్ కార్డులు దించుకోకండి. మీ కార్డులు మీరే తెలుగులో రాసుకోండి. రోజుకు ఏడెనిమిది కొత్తవి మించొద్దు. మొదటి యాభై కార్డుల్లో మీ పనిముట్లు ఉండాలి: "నొకొగిరి" రంపం, "కన్న" చిత్రిక, "నొమి" ఉలి, "కనజుచి" సుత్తి, "కుగి" మేకు, "దైకు" వడ్రంగి. వాళ్ళ రంపం తన వైపుకు లాగితే కోస్తుందనీ, చిత్రిక కూడా లాగే పడతారనీ మీరు నాకంటే బాగా గమనించి ఉంటారు. చేతికి తెలిసిన విషయం మాటను పట్టి ఉంచుతుంది. నా మొదటి మాటలు "మందు", "కన్ను", "చుక్క", "రోజుకు మూడుసార్లు". పన్నెండేళ్ళు దాటినా వాటిలో ఒక్కటీ మర్చిపోలేదు. రైల్వే స్టేషన్‌లో దారి అడగడం గురించి పుస్తకంలో నేర్చుకున్నవి నాలుగుసార్లు మర్చిపోయాను.

ఈ ఇష్టం సంగతి చాలా ముఖ్యం, అందుకే కొంచెం ఆగి చెప్తాను. జపనీస్ కంటే ముందు నేను ఫ్రెంచ్ మొదలుపెట్టి నాలుగు నెలల్లో వదిలేశాను. భాషలో లోపం లేదు, టీచరు కూడా మంచివారు. ఫ్రెంచ్‌లో నేను చదవాలనుకున్నది ఏదీ లేకపోవడమే కారణం. ఎవరో బాగుంటుందన్నారని చేరాను. తర్వాత జపనీస్‌లోనూ ఒకసారి దాదాపు వదిలేశాను. 2016లో ఎన్2 కోసం రోజూ పరీక్ష పేపర్లే చేసేదాన్ని. షాపులో పని, ఇంట్లో పని, రాత్రి పేపర్లు. ఒక వారం మానేశాను, అది ఎనిమిది నెలలైంది. తెరిచి చూస్తే అంకిలో 900 కార్డులు పేరుకుపోయి ఉన్నాయి. వాటిని చూసి ఏడుపు వచ్చింది. చివరికి ఆ కార్డులన్నీ తీసేసి, పరీక్ష పుస్తకాలు అటక మీద పెట్టి, మళ్ళీ మందుల కాగితాలు చదవడం మొదలుపెట్టాను. రోజుకు పది లైన్లు. రెండు నెలల్లో పాత ఉత్సాహం వచ్చేసింది. ఎన్2 ఆ తర్వాత పాసయ్యాను.

కాబట్టి పరీక్ష గురించి నా అభిప్రాయం ఇది. జె.ఎల్.పి.టి. అనే పరీక్ష ఏటా జులై, డిసెంబరుల్లో మొదటి ఆదివారం జరుగుతుంది. ఎన్5 తేలిక, ఎన్1 కష్టం. ఎన్5లో 180 మార్కులకు 80 వస్తే పాస్, అయితే విడివిడి భాగాల్లోనూ కనీస మార్కులు రావాలి. మాట్లాడే పరీక్ష, రాసే పరీక్ష ఉండవు, అన్నీ గుర్తించే ప్రశ్నలే. నేను ప్రతిసారీ రాత్రి రైలెక్కి చెన్నై వెళ్ళి రాసి వచ్చాను. ఎన్5 మాత్రం ఒకసారి రాయండి, ఏడాది చివర ఒక తేదీ ఉంటే చదువు చెదరదు. ఆ పైన రాయాలా వద్దా అనేది మీ ఇష్టం. మీకు ఆ సర్టిఫికెట్‌తో పని లేదు.

మాట్లాడే అభ్యాసం ఎనిమిదో నెల వరకు అవసరం లేదు. ఆ తర్వాత మనిషి కావాలి. మన సినిమాలు చూసి తెలుగు నేర్చుకుంటున్న జపాన్ వాళ్ళు ఇప్పుడు ఉన్నారు. భాషలు ఇచ్చిపుచ్చుకునే యాప్‌లలో "తెలుగు" అని వెతకండి. నాకు అలా దొరికిన ఒకావిడతో నాలుగేళ్ళుగా వారానికి గంట మాట్లాడుతున్నాను, అరగంట తెలుగు, అరగంట జపనీస్. ఆవిడ ఒకసారి "తిన్నా" అన్నప్పుడు అది "తిన్నాను" కి పొట్టి రూపమా, "తిన్నప్పటికీ" అనా అని అడిగింది. చిన్నప్పటి నుంచి మాట్లాడుతున్న నా భాషలో ఆ రెండూ ఒకేలా వినిపిస్తాయని నేను ఎప్పుడూ గమనించలేదు.

మీ ఊరి నుంచి క్లాసుకు వెళ్ళడం కుదరదని రాశారు. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) లాంటి చోట మంచి కోర్సులు ఉన్నాయి గానీ, మీకు అది లేకపోయినా ఏమీ కాదు. మొదటి ఏడాది ఇంట్లోనే నడుస్తుంది. ఎవరైనా వారానికి ఒకసారి మీ నోట్‌బుక్ చూసి తప్పులు దిద్దితే చాలు.

40 నిమిషాలను రెండుగా చేయండి. పొద్దున బడికి వెళ్ళే ముందు 20 నిమిషాలు కార్డులు, రెండు కంజి. రాత్రి 20 నిమిషాలు పుస్తకం, మూడు వరసల రాత. ఆదివారం పుస్తకం ముట్టకండి, మీ వీడియో ఒకటి పెట్టుకుని తెలిసిన మాట వినిపించిన ప్రతిసారీ ఆపి రాసుకోండి. మొదటి నెలలో రెండో మూడో మాటలు దొరుకుతాయి. తేదీ వేసి రాసుకోండి, ఆరు నెలల తర్వాత అదే వీడియో మళ్ళీ పెట్టి చూడవచ్చు.

రేపు హిరగానలో మొదటి ఐదు అక్షరాలు రాయండి. గళ్ళ నోటుబుక్కు అయితే మేలు, గడికి ఒక అక్షరం. ఆ పేజీ ఫోటో ఇక్కడే కింద పెట్టండి. గీతల క్రమంలో తప్పులు మొదట్లోనే పట్టుకుంటే తర్వాత కంజికి చాలా పనికొస్తుంది, నేను చూసి చెప్తాను. చెక్కపనికి సంబంధించిన మాటలు ఓ అరవై దాకా నా దగ్గర రాసి ఉన్నాయి, హిరగాన పూర్తయ్యాక అడగండి, ఆ లిపిలోనే పెడతాను.